మారు వడ్డన

"చెప్పు మీ ఆయనకి, సాయంత్రం బస్సుకి నేను మా అమ్మాయి దగ్గరికి పోతున్నానని."

అత్తయ్య పెట్టె మీద మోకాలు ఆనించి మూత అదిమింది. ఒకవైపు గొళ్ళెం పడేసరికి రెండోవైపు టప్పున లేచింది. లోపల చీరలకంటే ఊరగాయ సీసాలే ఎక్కువున్నాయి మరి.

"ఆయన మెట్ల మీదే ఉన్నారత్తయ్యా. వినబడే ఉంటుంది," అంది కోడలు.

"వినబడితే వినబడనీ. నువ్వు చెప్పు. నేను వాడితో మాట్లాడటం లేదు."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది.

"మా అమ్మకి చెప్పు," కింది నుంచి కొడుకు గొంతు లేచింది, "టికెట్టు నేనే తెచ్చిపెడతానని. కిటికీ పక్క సీటు."

"కిటికీ పక్క నాకు గాలి పడదని చెప్పు!"

"పడదని నాకూ తెలుసని చెప్పు! కిటికీ మూసుకోమని చెప్పు!"

ఇద్దరి మధ్యా నిలబడ్డ కోడలు ఎవరికీ ఏదీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ తల్లీకొడుకులవి వీధి మలుపు దాకా వినిపించే గొంతులు. అయినా అప్పగింత మాత్రం ఆమెకే. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా ఇద్దరూ ఆమె నోటిగుండానే తెలుసుకుంటున్నారు.

అడుగుల చప్పుడు మళ్ళీ మొదలై కిందికి దిగిపోయింది.

"నిజంగా పోతారా అత్తయ్యా?"

"పోక? ఒకళ్ళ చెయ్యి కాల్చిన చేత్తో ఇంకెవరికేం పెట్టమంటావు?"

అత్తయ్య ఒక సీసా బయటికి తీసి, చూసి, మళ్ళీ పెట్టెలోనే దూర్చింది. 'వెళ్ళకండి' అన్న మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆమెకి అడగడం అలవాటు లేదు. పుట్టింట్లో అన్నదమ్ముల మధ్య పెరిగింది. గిన్నెలో ఏముంటే అది తిని లేచిన పిల్ల. ఆకలేస్తోందని ఎవరితోనూ అనలేదు, అనే అవసరం ఉంటుందని కూడా ఆమెకి తోచలేదు. ఈ ఇంటికొచ్చిన మొదటి రోజే అత్తయ్య ఆమె మొహం ఎగాదిగా చూసి, "పొద్దున్నించీ ఏం తినలేదు కదూ?" అంది. ఆ చూపు రేపటినుంచి ఈ ఇంట్లో ఉండదు. ఆలోచన అక్కడికి వచ్చేసరికి కోడలు తల విదిలించుకుని కిందికి దిగింది. ట్రేలు నింపే వేళయింది.

*

ఆ ఇంటికి కింద హాలు, పైన కాపురం. హాల్లో గోడ పొడుగునా వేడినీళ్ళ మీద కూర్చోబెట్టిన స్టీలు ట్రేలు: అన్నం, రొట్టెలు, పప్పు, రెండు కూరలు, పులుసు, పెరుగు, చివర పాయసం. వచ్చినవాళ్ళు పళ్ళెం తీసుకుని ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకోవాలి. ఎన్నిసార్లయినా రావచ్చు. ఊళ్ళో ఇంటి వంటలాంటి భోజనం దొరికేది అక్కడే. ఆ బఫే పద్ధతి కొడుకు పెట్టింది. వంట తల్లిది.

తల్లికి ఆ పద్ధతి మొదటినుంచీ మింగుడుపడలేదు. "అన్నం దగ్గర లైనేమిట్రా, మందుల చీటీకి నిలబడ్డట్టు?" అనేది. వంట అయ్యాక మొహం కడుక్కుని, కొంగు బిగించి, ఒక చేత్తో పప్పు గిన్నె, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని బల్లల మధ్యకి వచ్చేసేది. "ఇదేం తిండి, పిచ్చుక కూడా ఇంతకంటే నయం" అంటూ పోసేది. వద్దన్నవాళ్ళకి ఇంకో గరిటె ఎక్కువ పడేది.

పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టడమంటే ఆమె లెక్కలో వద్దనడం కాదు. తినేవాళ్ళు మొహమాటపడాలి, పెట్టేవాళ్ళు బలవంతం చెయ్యాలి. ఆఖరి క్షణంలో చెయ్యి పక్కకి తప్పుకోవాలి, గరిటె ఒరగాలి. ఎన్నో విందుల్లో వడ్డించిన మనిషి. ఏ చెయ్యీ తప్పుకోకుండా ఉన్నది లేదు.

గడియారాలాయన చెయ్యి తప్పుకోలేదు.

మూలబల్ల దగ్గర రోజూ ఒంటరిగా కూర్చుని తినే మనిషి. వీధి అవతల గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. పొగలుకక్కే పప్పు ఆయన ఎడమచేతి మీద పడింది. ఆయన అరవలేదు కూడా, 'స్' అని మాత్రం అన్నాడు. కొడుకు పరిగెత్తుకొచ్చి, నిండు హాల్లో తల్లి చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. "వద్దంటే వద్దనేనమ్మా అర్థం! ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆ తర్వాత ట్రేల దగ్గర ఒక బోర్డు వెలిసింది: 'దయచేసి ఎవరికి వారే వడ్డించుకోగలరు.' తల్లి మెట్లెక్కి పైకి పోయింది. గడియారాలాయన హాలు వైపు రావడమే మానేశాడు.

*

మధ్యాహ్నానికి హాలు నిండింది.

ట్రేల పక్కన నిలబడితే మనుషుల సంగతి చాలావరకు తెలిసిపోతుంది. బ్యాంకు మేనేజరు మొదటి విడతలో చిటికెడు పెట్టుకుంటాడు, తోటివాళ్ళు చూస్తారని. వాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేవగానే మళ్ళీ వస్తాడు. బట్టల కొట్టు అక్కచెల్లెళ్ళు పాయసంతో మొదలుపెట్టి పాయసంతోనే ముగిస్తారు, మధ్యలో మిగతా భోజనం కానిస్తారు. ఒక పెద్దాయన అన్నంతో గట్టు కట్టి, మధ్యలో పప్పు పోసుకుని, గట్టు తెగకుండా బల్లదాకా నడిచివెళ్ళి, ఏదో సాధించినట్టు నలుగురివైపూ చూస్తాడు.

ఇవాళ ఆ పెద్దాయన గట్టు సగం దారిలోనే తెగింది. పప్పు అలా ఉంది మరి.

"మీ ఆయన వండిన పప్పు కదమ్మా," రొట్టెల ట్రే నింపడానికి వంటింట్లోంచి వచ్చిన రొట్టెలక్క గుసగుసగా అంది. రోజంతా రొట్టెలు కాల్చే ఆవిడకి వేడి పెనంతో పాటు వేడి మాటలూ అలవాటే. "చేపల్ని వదిలితే ఈదుకుంటూ పోతాయి."

"ఊరుకో అక్కా, వింటారు."

"వినే కదా బాగుపడాలి."

అప్పుడే తలుపు తెరుచుకుంది. గడియారాలాయన లోపలికొచ్చాడు.

పొట్టి మనిషి. ఎప్పుడూ కంటికి భూతద్దం బిగించుకుని ఉండటంతో ఒక కన్ను కొంచెం ముడుచుకునే ఉంటుంది. ఎడమచేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు. ఆయన ట్రేల వైపు వెళ్ళలేదు. బోర్డు వైపు ఒకసారి చూసి, నేరుగా మూలబల్ల దగ్గరికి పోయి కూర్చుని, కట్టు కట్టిన చేతిని బల్ల కింద దాచుకున్నాడు.

కోడలికి వెంటనే అర్థమైంది. ఒక చేత్తో పళ్ళెం పట్టుకుంటే వడ్డించుకునేది ఏ చేత్తో?

ఆమెకంటే ముందే కొడుకు కదిలాడు. కంగారుగా పళ్ళెం అందుకుని, వరసగా అన్ని ట్రేల్లోంచీ తీసి కుమ్మరించాడు. అన్నం మీద కూర, కూర మీద ఇంకో కూర, పాయసం పక్కనే పులుసు, అన్నిటి మీదా గొడుగులా రెండు రొట్టెలు. తెచ్చి బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకున్నాడు.

గడియారాలాయన పళ్ళెం వైపు చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని చూపు. విప్పదీసిన గడియారాన్ని ఎవరో గుప్పెడు ముక్కలుగా తెచ్చి ముందు పోసినట్టుంది ఆయన మొహం.

"అమ్మగారు లేరా బాబూ?"

కొడుకు తడబడ్డాడు. "ఆవిడకి... ఒంట్లో కొంచెం నలతగా ఉందండీ."

కోడలు అప్పటికే మెట్లెక్కుతోంది.

*

"అత్తయ్యా, గడియారాలాయన వచ్చారు."

పెట్టె గొళ్ళేలతో కుస్తీ పడుతున్న అత్తయ్య అలాగే ఆగిపోయింది.

"కట్టుందా?"

"ఉంది."

"ఎంతమేర?"

"మణికట్టు దాకా."

"అయ్యో," అంటూ అత్తయ్య మంచం మీద కూలబడింది. "ఆ సన్నటి స్క్రూలు అవీ తిప్పే చెయ్యి కదే అది. ఏ చెయ్యి? పని చేసే చెయ్యేనా?"

"నేనెలా అడుగుతానత్తయ్యా? మీరొచ్చి అడగండి."

"ఏ మొహం పెట్టుకుని అడగను?" అత్తయ్య చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కిటికీ వైపు చూసింది. "తిన్నాడా?"

"ఆయన వడ్డించి ఇచ్చారు."

"ఏ ఆయన?"

"మీ అబ్బాయి."

అత్తయ్య కనుబొమలు పైకి లేచాయి. "వాడు వడ్డించాడా? వాడికి వడ్డించడం ఏం తెలుసు? వాడు కంచంలో పెట్టించుకోవడం తప్ప పెట్టిన పాపాన పోయాడా? ...నేను రాను. నేనేం హాల్లోకి రాను. వంటింట్లోంచి చూసి వచ్చేస్తాను. అంతే."

"అంతే అత్తయ్యా," అంది కోడలు, గబగబా దారి ఇస్తూ.

వంటింటి తలుపుకి పళ్ళెమంత గుండ్రటి అద్దం ఉంది. రెండు వైపుల నుంచి వచ్చేవాళ్ళు గుద్దుకోకుండా పెట్టింది. అత్తయ్య దానికి ముక్కు ఆనించి చూసింది. ముందు బల్ల కింద దాచుకున్న చేతి కట్టు కనబడింది. తర్వాత పళ్ళెం కనబడింది.

"పాయసం పక్కన పులుసు పోశాడే!"

"కంగారులో..."

"అన్నం ఎక్కడుందే అసలు? రొట్టెల కింద సమాధి చేశాడు. వీణ్ణి నేనే కన్నానా? ఆస్పత్రిలో మారిపోయాడా?"

రొట్టెలక్క పెనం వదిలేసి పక్కున నవ్వింది. అత్తయ్య వినిపించుకునే స్థితిలో లేదు. గడియారాలాయన ఒంటిచేత్తో రొట్టె ఎత్తి పక్కన పెట్టబోతే, అది జారి పులుసులో పడింది. ఆయన చుట్టూ చూసి, ఎవరూ గమనించలేదనుకుని దాన్ని మెల్లగా అంచుకి నెట్టాడు.

అంతవరకే ఓర్చుకోగలిగింది అత్తయ్య. తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

*

హాల్లో మాటలు తగ్గాయి. పాయసం దగ్గర అక్కచెల్లెళ్ళు చెంచాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. కొడుకు పెరుగు ట్రే పక్కన బిగుసుకుపోయాడు.

అత్తయ్య మూలబల్ల దగ్గర ఆగి ఆ పళ్ళెం తీసి వెనకే వచ్చిన కోడలి చేతిలో పెట్టింది. ఖాళీ పళ్ళెం తెచ్చి ఆయన ముందు ఉంచింది. అప్పుడు అడిగింది.

"ఎలా ఉంది?"

"తగ్గుతోందమ్మా. బొబ్బలు అణిగిపోయాయి. గోక్కోకుండా ఉండాలని డాక్టరు కట్టు ఉంచాడంతే."

"పని...?"

"పనికి కుడిచెయ్యి చాలమ్మా. ఎడమది గడియారం పట్టుకోవడానికి. బల్లకి బిగింపు ఉంది, అది పట్టుకుంటోంది ప్రస్తుతానికి."

అత్తయ్య ఊపిరి వదిలింది. "మరి ఇన్నాళ్ళూ రాలేదేం? కోపమొచ్చి?"

"కోపమా?" గడియారాలాయన నొచ్చుకున్నాడు. "ఒంటిచేత్తో పళ్ళెం పట్టుకుని వడ్డించుకోవడం రాలేదమ్మా. ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాను. కంచం కిందపడటం, తుడుచుకోవడం, మళ్ళీ పడటం. ఇక్కడ అందరి ముందూ పడితే బావుండదని... ఇవాళ మాత్రం ఆకలి ఆగలేదు."

అత్తయ్య పెరుగు ట్రే వైపు చూడకుండానే, అక్కడున్న మనిషికి తగిలేలా ఒక నిట్టూర్పు విడిచింది. తర్వాత అసలు మాటకి వచ్చింది. ఇన్నాళ్ళూ నిద్రపోనివ్వని మాట అదేనని కోడలికి తెలుసు.

"ఒక్కటి చెప్పండి. ఆ రోజు మీరు నిజంగానే వద్దన్నారా?"

గడియారాలాయన తలొంచుకున్నాడు. కాదంటే ఆమె నెగ్గుతుంది, కొడుకు ఓడతాడు. హాలంతా చెవులు రిక్కించింది.

"నిజంగానే వద్దన్నానమ్మా. అప్పటికే రెండుసార్లు పోశారు. పొట్టలో చోటు లేదు."

అత్తయ్య మొహం వాడిపోయింది. అంతలోనే రోషం ముంచుకొచ్చింది. "అయితే చెయ్యి తీసెయ్యొచ్చుగా!"

"తీసేస్తే పోసేస్తారు కదమ్మా!"

ఎవరో ఫక్కుమన్నారు. గట్టు తెగిన పెద్దాయనకి పొలమారింది. అత్తయ్య నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక రెండూ జరిగాయి.

"తప్పు నాదే," అంది కొంగు తీసి. "పెద్ద తప్పు."

"తప్పే," ఆయన ఒప్పుకున్నాడు. "కానీ ఒక సంగతి చెప్పనా? రోజంతా నా దుకాణంలో ఎవరూ నన్ను ఏదీ రెండోసారి అడగరమ్మా. 'అయిందా?' అంటారు. 'అయింది' అంటాను. తీసుకుపోతారు. ఇంటికెళితే ఆ పాటి మాట కూడా లేదు. ఇక్కడ 'చాలు' అంటే, 'ఏం చాలు, ఎవరికి చాలు' అని దెబ్బలాటకి వస్తారు మీరు." ఆయన ముడుచుకున్న కన్ను ఇంకాస్త ముడుచుకుంది. "పప్పు పోయొద్దుగానీ, ఆ దెబ్బలాట మానెయ్యకండి."

అత్తయ్య ఇక నిలబడలేదు. ముందు వేడన్నం, ఒక పక్కన కూర, దానికి తగలకుండా ఇంకో కూర. పాయసం వేరే గిన్నెలో. అన్నీ ఆయన కుడిచేతికి అందేలా సర్దింది. చివరికి పప్పు గరిటె ఎత్తి, గాలిలో ఆపింది.

"పొయ్యనా?"

ఆ మాట ఆమె నోట విన్నవాళ్ళు లేరు. అడిగి, ఆగింది. ఆగడం ఎంత కష్టంగా ఉందో గరిటె పట్టుకున్న వేళ్ళలో తెలుస్తోంది.

"కొంచెం," అన్నాడాయన.

కొంచెమే పోసింది. "ఇంకొంచెం?"

"చాలమ్మా."

గరిటె ఒక్క క్షణం ఊగిసలాడింది. గిన్నెలోకి తిరిగి వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ పళ్ళెం వైపు చూసింది. సగం కడుపుతో పిల్లని బడికి పంపిన తల్లిలా ఉంది ఆ చూపు. కానీ పొయ్యలేదు.

*

వంటింటి తలుపు వెనక్కి వచ్చేసరికి కొడుకు అక్కడే ఉన్నాడు, కడిగేసిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ.

అత్తయ్య కోడలి వైపు తిరిగింది. "చెప్పు మీ ఆయనకి, ఆ పప్పులో నీళ్ళున్నాయిగానీ పప్పు లేదని."

"మా అమ్మకి చెప్పు," అన్నాడు కొడుకు తల తిప్పకుండానే, "పప్పు ఎవరు వండాల్సిందో వాళ్ళు పైన కూర్చుంటే ఇలాగే ఉంటుందని."

"పైకెక్కించిందెవరో అడుగు."

"లాక్కున్నది గరిటె ఒక్కటేనని చెప్పు. ఆ రోజు ఆమె చెయ్యి గజగజ వణికిపోతోంది. మిగిలిన పప్పు ఆమె కాళ్ళ మీద పడుతుందని లాక్కున్నాను. అది కూడా చెప్పు."

ఈసారి అత్తయ్య గొంతులో పదును లేదు. "అది ఆ రోజే ఎందుకు చెప్పలేదో కనుక్కో."

"చెప్పనిచ్చిందేమో కనుక్కో."

మధ్యలో కోడలు. ఆమె చేతిలో ఇంకా మొగుడు వడ్డించిన పళ్ళెం ఉంది. పులుసులో నానిన రొట్టె వైపు చూసింది. అత్తయ్యని చూసింది, మొగుణ్ణి చూసింది. పళ్ళెం గట్టు మీద పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

"నేను ఎవరికీ ఏమీ చెప్పను," అంది. "నాకు ఆకలేస్తోంది."

చిన్న గొంతే. కానీ కొళాయి నీళ్ళ చప్పుడు టక్కున ఆగింది. రొట్టెలక్క చేతిలో రొట్టె తిరగబడకుండా నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు.

అత్తయ్య ముఖంలో రంగులు మారాయి. ఆమె కోడలి దగ్గరికి వంగి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు. తను పైన మొహం మాడ్చుకుని కూర్చున్నన్నాళ్ళూ ఈ మొహం ఎవరూ చూడలేదు. చివ్వున కొడుకు వైపు తిరిగింది.

"ఏరా! పెళ్ళాం తిన్నదా లేదా అని ఒక్కసారైనా అడిగావుట్రా?"

మాటలు మానుకున్న సంగతి ఆమెకి గుర్తులేదు. కొడుక్కి గుర్తుంది. తడిచేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి తల్లిని చూస్తుండిపోయాడు.

"నువ్వుండగా నేనెప్పుడు అడిగానమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "నాకు ఆ అవసరం ఎప్పుడొచ్చింది?"

అత్తయ్య నానిపోయిన పళ్ళెం పక్కకి నెట్టి, వేరే పళ్ళెంలో అన్నం పెట్టింది, కూర వేసింది, నెయ్యి వేసింది. కోడలు అలవాటు కొద్దీ, "చాలత్తయ్యా," అంది.

నెయ్యి గరిటె ఠక్కున ఆగిపోయింది.

ఆగిన గరిటె వైపు కోడలు చూసింది. హాల్లో నేర్చుకున్న కొత్త మర్యాద అప్పుడే తన దాకా వచ్చేసింది! కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నేను చాలన్నా మీరు ఆగకండత్తయ్యా. నాకు మాత్రం ఆగొద్దు."

"ఓసి పిచ్చిదానా," అంటూ అత్తయ్య రెండు గరిటెలు వేసింది. మూడోది కూడా వేసింది. ముక్కు ఎగబీల్చి, కొడుకు వైపు చూడకుండా అడిగింది. "బస్సు ఎన్నింటికి?"

ముద్ద కలుపుతున్న కోడలి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇవాళ బస్సు లేదమ్మా," అన్నాడు కొడుకు.

"రోజూ పోయే బస్సు ఇవాళ ఎందుకు లేదు?"

"డ్రైవరు... పెళ్ళికి వెళ్ళాట్ట."

"ఎవరి పెళ్ళి?"

కొడుక్కి అంతదూరం ఆలోచన లేదు. చిన్నప్పటినుంచీ అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి. "వాళ్ళ... బావమరిదిది."

"బావమరిది పెళ్ళికి బస్సు కూడా తోలుకుపోయాడా?"

కోడలికి నవ్వొచ్చి ముద్ద గొంతులో అడ్డం పడింది. అత్తయ్య ఆమె నెత్తిమీద చరుస్తూ, "మెల్లిగా తిను," అంది. ఆ తర్వాత కొడుకు ఎర్రటి చెవుల వైపు చాలాసేపు చూసింది. ఏదో అనబోయింది.

ఫోను మోగింది.

రొట్టెలక్క అందుకుని, పిండిచేత్తోనే కొడుక్కి ఇచ్చింది. అతను చెవికి ఆనించాల్సిన పనే లేకపోయింది. అవతల మాట్లాడేది అతని చెల్లెలు. ఆ గొంతూ ఈ ఇంటిదే.

"అన్నయ్యా, అమ్మ బయల్దేరిందా?"

"లేదే. బస్సు... డ్రైవరు పెళ్ళికి..."

"ఏ డ్రైవరు? ఏం పెళ్ళి? నీ బస్సు సంగతి నాకెందుకుగానీ, మేమే కారులో బయల్దేరాం. సగం దారి దాటాం. దీపాలు పెట్టేవేళకి అక్కడుంటాం. అమ్మని పెట్టె సర్దుకోమను. ఇంకో మాట. ఇక అమ్మ నా దగ్గరే ఉంటుంది. నీ దగ్గర మాటలు పడటానికి మళ్ళీ పంపించను, చెప్పేస్తున్నా."

ఫోను ఆగింది. కొడుకు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తలుపవతల హాల్లో చెంచాల చప్పుడు, ఎవరో పాయసం గురించి మెచ్చుకుంటున్న మాట.

"వంకాయలున్నాయా?" అంది అత్తయ్య.

కొడుకు తలెత్తాడు.

"నిన్నేరా. వంకాయలున్నాయా అని. ఎంత దూరం నుంచి వస్తోంది పిల్ల. దానికి వంకాయ కూరంటే ప్రాణం. ఈ నీళ్ళ పప్పు పెట్టి పంపమంటావా?"

కొంగు నడుముకి బిగించింది. ఇన్నాళ్ళకి మళ్ళీ పొయ్యి దగ్గరికి నడిచింది. మూకుడు అందుకుని, అడుగు వేలితో రాసి చూసి, "ఇలాగేనా తోమేది," అని సణిగింది. వంటిల్లు వంటిల్లులా అయింది. అయినా ఇది ఉండిపోయే మనిషి వంటో, వెళ్ళేముందు ఆఖరి వంటో కోడలికి తెలియలేదు. పైన మంచం మీద పెట్టె ఒకవైపు మూసుకుని, ఒకవైపు తెరుచుకుని అలాగే ఉంది.

కొడుకు గబగబా బుట్ట తెచ్చి, వంకాయలన్నీ గట్టు మీద పోశాడు. కోడలు చెయ్యి కడుక్కుని, కత్తి తీసుకుని కూర్చుంది.

ఒక వంకాయ తీసి తుడిచింది. మళ్ళీ తుడిచింది. తొడిమ దగ్గర మెల్లగా గాటు పెట్టింది. ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి నీళ్ళలో వేసి, అది తేలి కదలకుండా ఆగేదాకా చూసింది. అప్పుడు ఇంకో వంకాయ తీసింది. అంత నెమ్మదిగా ఆమె ఏనాడూ తరగలేదు.

పొయ్యి ముందు నిలబడ్డ అత్తయ్య వెనక్కి తిరిగి చూసింది. తొందరపెట్టడానికి నోరు తెరిచింది.

తెరిచి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగి, మంట తగ్గించింది.